మాడ్స్ పెట్టిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఎందుకు మొరాయిస్తుంది?

నలుగురు స్నేహితులు కలిసి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకుంటే కొద్దిరోజుల్లోనే గ్రూపులో మూడు ఫిర్యాదులు మొదలవుతాయి. ‘ల్యాగ్ అవుతోంది బ్రో’, ‘నన్ను లోపలికి రానివ్వట్లేదు’, ‘నా సామాన్లన్నీ పోయాయి’. మాడ్స్ కూడా పెట్టుకుంటే ఇవి ఇంకా తొందరగా వస్తాయి. సర్వర్ పెట్టినవాడు మిగతావాళ్ల కంప్యూటర్లని తిడతాడు. మిగతావాళ్లు సర్వర్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు. ఆట నడిచే పద్ధతిలోనే కొన్ని గట్టి పరిమితులున్నాయి, మాడ్స్ వచ్చి సరిగ్గా వాటి మీదే బరువు వేస్తాయి.

ముందు పేర్లు తేల్చుకుందాం

మైన్‌క్రాఫ్ట్ రెండు రకాలు. ఫోన్లలో, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ లాంటి వాటిలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. కంప్యూటర్లలో మొదటి నుంచీ ఉన్నది జావా ఎడిషన్. ఇక్కడ మాట్లాడేదంతా జావా ఎడిషన్ గురించే. ఫోన్‌లో ఆడే పిల్లలు యూట్యూబ్‌లో చూసిన మాడ్ తమకెందుకు పనిచేయదని బాధపడటానికి కారణం కూడా ఇదే. బెడ్‌రాక్‌లో ఉండే యాడ్-ఆన్‌లు వేరు, జావా మాడ్స్ వేరు. ఒకదానివి ఇంకోదాంట్లో పనిచేయవు.

మాడ్ అంటే ఆటను మార్చడానికి బయటివాళ్లు రాసిన ప్రోగ్రామ్. కొత్త యంత్రాలు, కొత్త జంతువులు, కొత్త లోకాలు, లేదా ఉన్న ఆటనే వేగంగా నడిపే మార్పులు. వందల కొద్దీ మాడ్స్‌ని ఒకరు ఏరి, సెట్టింగులు సర్ది, ఒక కట్టగా ఇస్తే అది మాడ్‌ప్యాక్. మాడ్స్‌ని ఆటలోకి ఎక్కించే మధ్యవర్తి ప్రోగ్రామ్ లోడర్: ఫోర్జ్, ఫ్యాబ్రిక్, నియోఫోర్జ్ లాంటివి. లోకాన్ని నడిపే ప్రోగ్రామ్ సర్వర్, ఆడేవాళ్ల దగ్గర బొమ్మ చూపించేది క్లయింట్.

ల్యాగ్ పేరుతో మూడు వేర్వేరు జబ్బులు

‘ల్యాగ్’ అని మనం అనేదాంట్లో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు విషయాలున్నాయి. వీటిని విడదీయకపోవడం వల్లే సగం డబ్బు, సగం టైమ్ తప్పు చోట ఖర్చవుతాయి.

తల తిప్పితే బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలితే అది మీ కంప్యూటర్ సమస్య. సెకనుకు గీయగలిగే ఫ్రేములు, అంటే ఎఫ్‌పీఎస్, పడిపోయింది. సర్వర్‌కి దీంతో పని లేదు. ఫ్యాబ్రిక్‌లో సోడియం అనే మాడ్‌తో చాలామందికి ఇది తగ్గుతుంది.

బొమ్మ సాఫీగానే ఉంది, కానీ మీరు చేసిన ప్రతి పనీ కాస్త ఆలస్యంగా జరుగుతోంది, పక్కవాడికి మాత్రం బాగానే ఉంది అంటే అది పింగ్. మీ మాట సర్వర్‌కి చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం.

కొట్టిన బ్లాక్ పోయినట్టే పోయి మళ్లీ ప్రత్యక్షమవుతోంది, ఆవులు నిలబడిపోయాయి, కొలిమిలో ఇనుము ఎంతకీ కరగట్లేదు, పైగా అందరికీ ఒకేసారి ఇదే జరుగుతోంది. అప్పుడు సమస్య సర్వర్‌లో ఉంది. సర్వర్ నడిపేవాళ్లకి అసలు తలనొప్పి ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

50 మిల్లీసెకన్లు: అంతా ఇందులోనే ముగించాలి

మైన్‌క్రాఫ్ట్ లోకం సెకనుకు 20 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగుని టిక్ అంటారు. అంటే ఒక్కో టిక్‌కి ఉన్న గడువు 50 మిల్లీసెకన్లు. ఆ లోపు సర్వర్ ప్రతి ఆవునీ కదపాలి, ప్రతి పంటనీ చూడాలి, ఒక పెట్టెలోంచి ఇంకోదానికి సామాన్లు చేరవేసే ప్రతి హాపర్‌లో సరుకు మార్చాలి, మాడ్స్ తెచ్చిన ప్రతి యంత్రాన్నీ నడపాలి. పని 30 మిల్లీసెకన్లలో అయిపోతే మిగతా 20 ఖాళీగా కూర్చుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

80 పట్టిందనుకోండి. అప్పుడు సెకనుకు 20 బదులు పన్నెండున్నర టిక్‌లే పడతాయి. కొలిమిలో ఒక వస్తువు కరగడానికి 200 టిక్‌లు కావాలి, మామూలుగా 10 సెకన్లు. ఇప్పుడు 16 సెకన్లు. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి 24,000 టిక్‌లు, అంటే 20 నిమిషాలు. అది 32 నిమిషాలవుతుంది. లోకం మొత్తం స్లో మోషన్‌లోకి వెళ్లిపోతుంది.

ఇందులో ఒక పాడు మలుపు కూడా ఉంది. కింద పడేసిన వస్తువులు 6,000 టిక్‌ల తర్వాత మాయమవుతాయి. మామూలుగా ఐదు నిమిషాలు. సర్వర్ నెమ్మదిస్తే అవి ఎనిమిది నిమిషాలు నేల మీదే ఉంటాయి. వస్తువుల్ని తనంతట తానే తయారుచేసే ఏదో ఒక ఫామ్ నుంచి అవి పొర్లిపోతుంటే, అవి పోయే వేగం తగ్గి కుప్ప పెరుగుతుంది, కుప్పతో పని పెరుగుతుంది, పనితో సర్వర్ ఇంకా నెమ్మదిస్తుంది. రెండు సెకన్లకు మించి వెనకబడ్డాక సర్వర్ తన చిట్టాలో (లాగ్‌లో) ‘కాంట్ కీప్ అప్’ అనే ప్రఖ్యాత వాక్యం రాసి, పోయిన టిక్‌లని వదిలేసుకుంటుంది.

ఎంత పని ఉందన్నది ఎక్కువగా ఎంత నేల మెలకువగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. లోకాన్ని 16×16 బ్లాకుల చంక్‌లుగా విడదీస్తారు. ఆటగాడి చుట్టూ ఎన్ని చంక్‌ల దూరం దాకా జంతువులు, యంత్రాలు కదలాలో చెప్పేది సిమ్యులేషన్ డిస్టెన్స్. అది 10 అయితే ఒక్కరి చుట్టూ 21×21, అంటే 441 చంక్‌లు. ఆరుగురు ఒకే ఊళ్లో ఇళ్లు కట్టుకుంటే దాదాపు ఆ 441తోనే సరిపోతుంది. ఆరుగురూ ఆరు దిక్కులకు పోతే 2,646. అదే విలువని 6కి తగ్గిస్తే ఒక్కరికి 169, ఆరుగురూ విడిపోయినా 1,014. ‘నిన్న బాగానే ఉంది, ఇవాళ ఏమైంది’ అన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే. నిన్న అందరూ ఒకే చోట ఉన్నారు. 1.18 వెర్షన్ నుంచి ఎంత దూరం కనపడాలి, ఎంత దూరం పనిచేయాలి అనేవి రెండు వేర్వేరు సెట్టింగులయ్యాయి. కాబట్టి కళ్లముందు దృశ్యం తగ్గకుండానే పని తగ్గించుకోవచ్చు.

మాడ్స్ ఈ లెక్కని రెండు రకాలుగా చెడగొడతాయి. ఒకటి, యంత్రాల సంఖ్య. మామూలు ఆటలో ఒక ఇంట్లో నాలుగు కొలిములుంటాయి. మాడ్స్ ఉన్నచోట వందల పైపులు, కేబుళ్లు ప్రతి టిక్‌కీ ‘పంపడానికేమైనా ఉందా’ అని వెతుకుతుంటాయి. రెండు, చంక్ లోడర్లు. యజమాని నిద్రపోతున్నా అతని ఫ్యాక్టరీ ఉన్న నేలను మెలకువగా ఉంచే సౌకర్యం అది. అందరూ వాడితే సర్వర్‌లో ఎవరూ లేకపోయినా దానికి విశ్రాంతి ఉండదు. ఎవరి ఫ్యాక్టరీ ఎంత తింటోందో స్పార్క్ అనే మాడ్ కొలిచి చూపిస్తుంది. అది పెట్టాక గ్రూపులో గొడవలు తగ్గుతాయా పెరుగుతాయా అన్నది ఆ ఫ్యాక్టరీ ఎవరిదన్న దాని మీద ఉంటుంది.

మరి కంప్యూటర్‌లో ఇన్ని కోర్‌లు ఎందుకున్నట్టు?

న్యాయమైన ప్రశ్న. కొత్త నేలను పుట్టించడం, నెట్‌వర్క్ లాంటి కొన్ని పనులు వేరే కోర్‌లకు వెళ్తాయి. కానీ లోకాన్ని కదిపే అసలు పని ఒక్క థ్రెడ్‌లోనే, అంటే ఒక్క కోర్ మీదే ఒకదాని తర్వాత ఒకటిగా, వరసగా జరుగుతుంది. కారణం భద్రత. ఒకే పెట్టెలోంచి ఒకే వజ్రాన్ని రెండు హాపర్లు ఒకే క్షణంలో, రెండు వేర్వేరు కోర్‌ల మీద లాగితే ఒక వజ్రం రెండవుతుంది, లేదా అసలుకే పోతుంది. వరసలో చేస్తే ఆ ప్రమాదం లేదు. పేపర్ అనే సర్వర్ ప్రోగ్రామ్ రాసే బృందం 2023లో ఫోలియా పేరుతో దూరదూరంగా ఉన్న ప్రాంతాలను వేర్వేరు థ్రెడ్‌లలో నడిపే సర్వర్ తెచ్చింది. కానీ అది ప్లగిన్‌ల (ఆడేవాళ్ల దగ్గర ఏమీ పెట్టకుండా సర్వర్‌కి మాత్రమే చేర్చే ప్రోగ్రామ్‌ల) ప్రపంచానికి చెందింది. ఫోర్జ్, ఫ్యాబ్రిక్ మాడ్స్ అందులో నడవవు.

అందుకే అద్దెకిచ్చే సర్వర్ల ప్రకటనల్లో ‘8 జీబీ ర్యామ్, 16 జీబీ ర్యామ్’ అని చూసి కొన్నవాళ్లకి నిరాశ ఎదురవుతుంది. ర్యామ్ అనేది ఎంత లోకం, ఎన్ని మాడ్స్ పడతాయో చెబుతుంది. 50 మిల్లీసెకన్లలో పని అవుతుందా లేదా అన్నది ఒక్క కోర్ ఎంత వేగమైనది, దాన్ని ఇంకెంతమందితో పంచుకుంటున్నారు అన్న దాని మీద ఉంటుంది. ఆ అంకె ప్రకటనలో చాలాసార్లు కనిపించదు. సర్వర్ ఇచ్చేవాళ్ల వైపు వాదన కూడా కొట్టిపారేయలేం. పెద్ద మాడ్‌ప్యాక్ పెట్టినవాళ్లకి మొదట తగిలే గోడ ర్యామే, అది చాలకపోతే సర్వర్ లేవనే లేవదు. రెండూ నిజమే. లేచాక ఎలా నడుస్తుందన్నది మాత్రం ర్యామ్ చెప్పదు.

ఇంట్లో 8 జీబీ కంప్యూటర్ ఉన్నవాళ్లు అందులో 7 జీబీ ఆటకి రాసిచ్చేయడం ఇంకో అలవాటు. అప్పుడు విండోస్‌కి చోటు చాలక డిస్క్ మీదకి సరుకు మార్చడం మొదలుపెడుతుంది, ఆట ఇంకా కుంటుతుంది. పైగా ఆటని నడిపే జావా అనే ప్రోగ్రామ్, వాడకం అయిపోయిన మెమరీని అప్పుడప్పుడూ ఊడ్చి శుభ్రం చేస్తుంది. అవసరానికి మించి చోటిస్తే ఆ ఊడ్పు ఒక్కోసారి పెద్దదై ఆట ఒక్క క్షణం గడ్డకట్టినట్టవుతుంది.

క్రాష్‌లు: లోపలి వైరు ఎక్కడుందో చెప్పని గోడ

మైన్‌క్రాఫ్ట్ జావాలో మాడ్స్ కోసం కంపెనీ ఇచ్చిన అధికారిక ద్వారం లేదు. మాడ్ రాసేవాళ్లు ఆట లోపలి కోడ్‌ని విప్పి చూసి, అందులో తమ ముక్కని కుట్టేస్తారు. ఫ్యాబ్రిక్‌లోనూ, ఇప్పుడు ఫోర్జ్‌లోనూ వాడే మిక్సిన్ అనే పద్ధతి చేసేది అదే: ఆట లోడ్ అవుతుండగానే ఫలానా ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మధ్యలో తన కోడ్ వరసలు దూర్చడం. లోపల వైరింగ్ ఎటు పోయిందో తెలియని గోడకి మేకు కొట్టడం లాంటిది. ఇవాళ దిగుతుంది. రేపు ఇల్లుగలాయన వైరింగ్ మారిస్తే అదే మేకు షాక్ కొడుతుంది. ఆయన తప్పు లేదు, ఆ గోడ మేకుల కోసమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఉదాహరణ. ఒక మాడ్ ఆటగాడికి దెబ్బ తగిలే ఫంక్షన్‌లో కవచాల లెక్క దూర్చింది. ఇంకోటి అదే ఫంక్షన్‌ని తీసేసి తన సొంత పోరాట పద్ధతి పెట్టింది. విడివిడిగా రెండూ బంగారంలా పనిచేస్తాయి. కలిపితే మొదటిది వెతుకుతున్న వరస అక్కడ లేదు. ఆట తెరుచుకోదు, లేదా మొదటి దెబ్బ తగిలినప్పుడు మూసుకుపోతుంది. ఇద్దరు రచయితల్లో ఎవరూ రెండోవారి మాడ్‌ని చూసి ఉండకపోవచ్చు. 300 మాడ్స్ ఉన్న కట్టలో ఇలా తగులుకునే జంటలు 44,850 ఉండే అవకాశం ఉంది. మాడ్‌ప్యాక్‌లు నడవడమే ఒక వింత అని నాకనిపిస్తుంది.

క్రాష్ రిపోర్టు వందల వరసలతో భయపెడుతుంది గానీ అందులో చూడాల్సింది కొంచెమే. ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే వరసలు, వాటి కింద కనిపించే మాడ్ పేర్లు. అక్కడున్న పేరే దోషి అని మాత్రం అనుకోవద్దు. పైఉదాహరణలో పడిపోయింది మొదటి మాడ్, అది నిలబడిన చోటు తీసేసింది రెండోది.

ఎందుకు అందరూ పాత వెర్షన్లలో ఉండిపోతారు

కొత్త వెర్షన్ రాగానే మాడ్స్ విరుగుతాయన్నది పైన చెప్పినదాన్నిబట్టి ఊహించవచ్చు. 2018లో వచ్చిన 1.13 బ్లాకుల అంకెల గుర్తింపుని తీసేసి పేర్ల పద్ధతి పెట్టింది. మంచి మార్పే, కానీ ఎన్నో మాడ్స్‌ని మొదటి నుంచీ తిరగరాయాల్సి వచ్చింది. అందుకే చాలామంది 1.12.2లో ఏళ్ల తరబడి ఉండిపోయారు. అంతకుముందు 1.7.10కి అలాంటి జీవితమే దక్కింది, తర్వాత 1.16.5కి, 1.20.1కి. మాడ్ రచయితలు, ప్యాక్ కట్టేవాళ్లు, ఆడేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ ఒక మజిలీ దగ్గర ఆగుతారు.

దీనికి తోడు జావా వెర్షన్. 1.16.5, అంతకు ముందువి జావా 8తో నడుస్తాయి. 1.18 నుంచి 1.20.4 దాకా జావా 17 కావాలి. 1.20.5 నుంచి 1.21 వరస దాకా జావా 21. ఆడేవాళ్లకి లాంచర్ సరైన జావాని తనే తెస్తుంది. సర్వర్ పెట్టేవాళ్లకి ఆ సాయం తక్కువ, కాబట్టి మొదటి ఎర్రర్ చాలామందికి ఇక్కడే వస్తుంది.

ఇక లోడర్లు. ఫోర్జ్ తొలినాళ్ల నుంచీ ఉంది. తేలిగ్గా, తొందరగా అప్‌డేట్ అయ్యేలా ఫ్యాబ్రిక్ 2018 చివర్లో వచ్చింది. 2023లో ఫోర్జ్ బృందంలో ఎక్కువమంది విడిపోయి నియోఫోర్జ్ మొదలుపెట్టారు. ఒకదానికి రాసిన మాడ్ మరోదానిలో నేరుగా నడవదు. ఇలా చీలిపోవడం ఆడేవాళ్లకి నష్టమని కొందరంటారు, ఒక్కరి చేతిలోనే అంతా ఉంటే ఫ్యాబ్రిక్ తెచ్చిన వేగం వచ్చేదే కాదని ఇంకొందరంటారు.

ఏ మాడ్ ఎక్కడ పెట్టాలన్న గందరగోళం కూడా ఇక్కడే చెప్పాలి. క్రియేట్ లాంటి, కొత్త బ్లాకులు తెచ్చే మాడ్ సర్వర్‌లోనూ ప్రతి ఆటగాడి దగ్గరా ఒకే వెర్షన్‌లో ఉండాలి. ‘నన్ను లోపలికి రానివ్వట్లేదు’ అన్నవాళ్లలో చాలామంది దగ్గర ఇదే తేడా. లిథియం లాంటి వేగం పెంచే మాడ్ సర్వర్‌లో మాత్రమే ఉన్నా చాలు. సోడియం బొమ్మ గీసేది కాబట్టి క్లయింట్‌లోనే ఉండాలి. బొమ్మలకు సంబంధించిన మాడ్‌ని సర్వర్ ఫోల్డర్‌లో వేస్తే, స్క్రీనే లేని సర్వర్‌లో బొమ్మ గీసే కోడ్ కోసం వెతికి అది కూలిపోవచ్చు. తన ఫోల్డర్ మొత్తాన్ని సర్వర్‌లోకి కాపీ కొట్టినవాళ్లకి జరిగేది ఇదే.

ఇంటి సర్వర్‌కి బయటి నుంచి దారి

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ 25565 అనే పోర్టులో, అంటే నెట్‌వర్క్‌లో అంకె వేసిన ఒక తలుపు దగ్గర, వింటుంది. రౌటర్‌లో ఆ పోర్టు తెరిస్తే స్నేహితులు రావచ్చని ప్రతి వీడియోలోనూ చెబుతారు. మన దగ్గర చాలా ఇళ్లలో అది పనిచేయదు. ఇంటర్నెట్‌లో వాడే పాత రకం (ఐపీవీ4) చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లే, అవి చాలక ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క బయటి చిరునామా వెనక వందల ఇళ్లను పెడుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మీ రౌటర్‌లో పోర్టు తెరిచినా, కంపెనీ దగ్గరున్న పెద్ద తలుపు మీ చేతిలో లేదు. రౌటర్ పేజీలో కనిపించే చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే.

దారులు లేకపోలేదు. కంపెనీకి డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) తీసుకోవడం, అందరికీ కొత్త రకం చిరునామా ఐపీవీ6 ఉంటే దాన్ని వాడటం, టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌లో అందరినీ కలపడం, లేదా మధ్యలో ఇంకో కంపెనీ సర్వర్ గుండా దారి ఇచ్చే టన్నెల్. టన్నెల్ వేరే దేశం గుండా తిరిగితే పింగ్ పెరుగుతుంది.

పింగ్‌కి మాత్రం ఒక హద్దుంది, దాన్ని ఏ కంపెనీ దాటలేదు. హైదరాబాద్‌లో ఉన్న పిల్లాడు, డాలస్‌లో ఉన్న వాళ్ల పెద్దమ్మ కొడుకు కలిసి ఆడాలనుకుంటారు. మధ్య దూరం 14 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ తిన్నగా వేసినా పోను 70, రాను 70, మొత్తం 140 మిల్లీసెకన్లు. నిజం కేబుళ్లు వంకరలు తిరుగుతాయి కాబట్టి అంతకన్నా ఎక్కువే. ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్ కేంద్రాలున్నాయి. సర్వర్‌ని అక్కడ పెడితే ఇక్కడివాడికి హాయి, అక్కడివాడికి ఆలస్యం. ఇళ్లు కట్టుకోవడానికి, ఫ్యాక్టరీలు నడపడానికి ఆ ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు. కత్తులు పట్టుకుని ఒకరితో ఒకరు తలపడితే తెలుస్తుంది.

సామాన్లు ఎలా పోతాయి

మాడ్ తీసేస్తే ఆ మాడ్ తెచ్చిన బ్లాకులు, వస్తువులు లోకంలోంచి పోతాయి. మళ్లీ పెట్టినా, మధ్యలో సేవ్ అయిపోయిన నేల మీదవి తిరిగిరావు. కొత్త వెర్షన్‌లో తెరిచిన లోకాన్ని పాత వెర్షన్‌కి దించడానికి భరోసా లేదు.

లోకం డిస్క్ మీద రీజియన్ ఫైళ్లుగా ఉంటుంది. ఒక్కో ఫైల్‌లో 32×32, అంటే 1,024 చంక్‌లు. సరిగ్గా రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఆ ఫైల్ దెబ్బతినొచ్చు. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఎండాకాలం సర్వర్ నడిపేవాళ్లకి బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండటం ఒక్కటే ధైర్యం.

అన్నింటికన్నా వింతగా కనిపించేది ఇంకోటి. ఆట కొనని స్నేహితుడి కోసం సర్వర్‌లో ఆన్‌లైన్-మోడ్‌ని, అంటే వచ్చినవాళ్లది ఆట కొన్న అకౌంటేనా అని సరిచూసే సెట్టింగుని, ఆపేస్తారు. వెంటనే అందరి సామాన్లూ ఖాళీ! నిజానికి అవి ఎక్కడికీ పోలేదు. ఆన్‌లైన్-మోడ్ ఉన్నప్పుడు మీ అకౌంట్‌కి ఉన్న గుర్తింపు సంఖ్యతో సామాన్లు సేవ్ అవుతాయి, ఆపేస్తే మీ పేరు నుంచి లెక్కగట్టిన వేరే సంఖ్య వస్తుంది. సర్వర్ దృష్టిలో మీరు కొత్త మనిషి. మోడ్‌ని తిరిగి పెడితే పాతవి కనిపిస్తాయి. ఆపి ఉంచితే ఇంకో ముప్పు కూడా ఉంది. ఎవరు ఏ పేరుతో వచ్చినా సర్వర్ నమ్ముతుంది, అడ్మిన్ పేరుతో వచ్చినా సరే.

భద్రత గురించి కొంచెం

మాడ్ మీ కంప్యూటర్‌లో మీ అధికారాలన్నిటితో నడిచే పూర్తి ప్రోగ్రామ్. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్, మాడ్స్, ప్లగిన్‌లు దొరికే కర్స్‌ఫోర్జ్, బక్కిట్ సైట్లలోని కొన్ని అకౌంట్ల ద్వారా మాడ్స్‌లోకి, ప్లగిన్‌లలోకి ఎక్కింది. బ్రౌజర్ కుకీలు, డిస్కార్డ్, మైన్‌క్రాఫ్ట్ లాగిన్‌లు దొంగిలించింది. పేరున్న సైట్ నుంచి దించుకున్నా జరిగిన సంగతి ఇది. అంతకుముందు, 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపం వల్ల చాట్‌లో ఒక ప్రత్యేకమైన వాక్యం టైప్ చేసి సర్వర్‌ని చేజిక్కించుకునే వీలు ఏర్పడింది. 1.18.1లో సరిచేశారు. అంతకన్నా పాత వెర్షన్లలో సర్వర్ నడిపేవాళ్లు దానికి విడిగా మందు వేయాలి. పాత మజిలీల్లో ఉండిపోవడానికి కట్టే ధర ఇది.

అధికారిక ద్వారం ఉంటే తీరిపోయేదా?

2012లో మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మొజాంగ్ కంపెనీ, ప్లగిన్‌లు నడిపే సర్వర్ రాసిన బక్కిట్ బృందంలోని నలుగురిని ఉద్యోగంలోకి తీసుకుని, మాడ్స్ కోసం అలాంటి అధికారిక ద్వారం, అంటే ఏపీఐ, తెస్తామంది. అనుకున్న రూపంలో అది రాలేదు. కోడ్ రాయకుండా ఫైళ్లతోనే ఆటను మార్చే డేటా ప్యాక్‌లు వచ్చాయి, అవి చాలా పనులు చేస్తాయి గానీ కొత్త యంత్రాన్ని మొదటి నుంచీ కట్టేంత కాదు.

అధికారిక ద్వారం కావాలనేవాళ్లు ఫ్యాక్టోరియో అనే ఇంకో ఆటని చూపిస్తారు. అక్కడ మాడ్స్‌కి కంపెనీయే ద్వారం ఇచ్చింది. సర్వర్‌లో ఉన్న మాడ్స్‌తో మీ దగ్గరివాటిని ఆటే సరిపోల్చి తెచ్చిపెడుతుంది. పై బాధల్లో సగం అక్కడ లేవు. వద్దనేవాళ్లు అడిగేదీ సబబే: బొమ్మ గీసే యంత్రాంగాన్ని మొత్తం మార్చేసిన సోడియం లాంటిది ఏ ఏపీఐ ఒప్పుకుంటుంది? కంపెనీ ముందే ఊహించిన మార్పులకే ద్వారం ఉంటుంది. జావా మాడ్స్ గొప్పదనమంతా ఊహించని మార్పుల్లోనే ఉంది. బెడ్‌రాక్‌లో అధికారిక యాడ్-ఆన్‌లు ఉండి కూడా జావా మాడ్స్ అంత దూరం పోకపోవడాన్ని వీళ్లు సాక్ష్యంగా చూపిస్తారు. ఆ వాదన కొంతవరకే నిలుస్తుంది. బెడ్‌రాక్ ఫోన్లలో, గేమ్ కన్సోల్‌లలో కూడా నడవాలి కాబట్టి దానికి వేరే కట్టుబాట్లున్నాయి.

కంపెనీ మాత్రం మధ్యదారిలో నడుస్తోంది. ఆట కోడ్‌లోని పేర్లన్నీ అర్థం కాని అక్షరాలుగా మార్చి విడుదల చేయడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. 2019లో ఆ పేర్ల జాబితాని బయటపెట్టింది. 2025లో, జావా ఎడిషన్‌లో ఆ మరుగునే తీసేస్తామని ప్రకటించింది. దీంతో మాడ్ రాసేవాళ్లకి కోడ్ చదవడం, క్రాష్ రిపోర్టులో ఏ ఫంక్షన్ దగ్గర పడిందో తెలుసుకోవడం తేలికవుతుంది. ఆ ఫంక్షన్ వచ్చే వెర్షన్‌లో కూడా అక్కడే ఉంటుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు.